అంచులో సీసం

మా చెల్లెలి బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. ఈ సంగతి అది నాకు చెప్పలేదు. గోడకి అవతల ఉంటూ, పొద్దున్నే నా చేతి టీ తాగే మనిషి నోరు విప్పలేదు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, కొండ మీద, ఒక రేకుల షెడ్డులో ఉన్న తూకం యంత్రం చెప్పింది. ఒళ్ళు మండిందంటే మండదూ మరి!

నాది బేకరీ. పక్క గదిలో దానిది కుట్టుమిషను. వీధిలో నన్ను బన్నక్క అంటారు, దాన్ని సూదమ్మ అంటారు. ఆ పేర్లు పెట్టినవాళ్ళెవరోగానీ కళ్ళున్నవాళ్ళే. నేను గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదని మా ఆయన బతికుండగా అనేవాడు. చెల్లెలు పుట్టడమే సన్నగా పుట్టింది. ఇద్దరం కలిసి బజారుకి వెళ్తే ఒకటి పక్కన సున్నా నడుస్తున్నట్టుందని మెకానిక్ షెడ్డు కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. లావుగా ఉన్నవాళ్ళు అందరికంటే ముందు నవ్వెయ్యాలి, అది నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను.

మా ఆయన పోయాక నాకు అదే దిక్కు. దానికి పెళ్ళి మీద ధ్యాస లేదు, కాబట్టి దానికి నేనే దిక్కని నా లెక్క.

మాకు పిండి సరఫరా చేసే కంపెనీవాళ్ళు ఆ ఏడాది బాగా పిండి వాడిన బేకరీలకి ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. ఒక్కో బేకరీకి ఇద్దరు. పిండి తిని ఇంతయ్యాను, ఆ పిండే నన్ను ఓడ కూడా ఎక్కిస్తోందని వీధంతా చెప్పుకున్నాను. టికెట్లతో పాటు రంగురంగుల పుస్తకం ఒకటి వచ్చింది. ఓడ ఏ రేవులో ఆగుతుంది, దిగినవాళ్ళు ఏమేం చూడొచ్చు, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. నేను అద్దం పడవలో కూర్చుని చేపల్ని చూసేదాని మీద వేలు పెట్టాను. అది జిప్‌లైన్ మీద పెట్టింది.

ఈ కొండ నుంచి ఆ కొండకి లోయ మీదుగా ఇనప తాడు కట్టారు. మనిషికి బెల్టులు బిగించి, కొక్కెంతో ఆ తాడుకి తగిలించి, ఒక్క తోపు తోస్తారు. కింద నది. గాల్లో జారుకుంటూ అవతలికి చేరాలి. ప్రాణం మీద విసుగు పుట్టినవాళ్ళు చేసే పని అన్నాను.

బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. నూట పది కిలోలు దాటినవాళ్ళనీ, నలభై కిలోలకి తక్కువున్నవాళ్ళనీ ఎక్కించరట. మొదటి సగం చదివి నేను పుస్తకం మూసేశాను. నేను నూట పద్నాలుగు. రెండో సగం చిన్నపిల్లల కోసం రాశారనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

"నాలుగు కిలోలే కదక్కా. ఇంకా నెల పైన ఉంది. నా కోసం తగ్గు" అంది.

"నీకేమే, ఎన్నైనా చెబుతావు. గట్టున కూర్చున్నవాళ్ళకి ఈత తేలికే."

"మనిద్దరం కలిసి ఎప్పుడైనా ఎక్కడికైనా వెళ్ళామా? ఈ ఒక్కటీ అడుగుతున్నా."

అది ఏదీ అడిగే రకం కాదు. అడిగిందంటే కాదనలేం. అలా మొదలయ్యాయి నా తిప్పలు. చుట్టూ వెన్న వాసన, ఎదురుగా అప్పుడే పొయ్యిలోంచి తీసిన కేకులు, మధ్యలో దోసకాయ ముక్క నములుతూ నేను. కొనడానికి వచ్చినవాళ్ళ మీద అరిచేదాన్ని. నా వంతు రొట్టె దాని పళ్ళెంలో వేసి, "నువ్వు తినవే. ఎంత తిన్నా ఒంటికి పట్టని జాతకం నీది. పెట్టి పుట్టావు" అనేదాన్ని. అది నవ్వి, పళ్ళెం పుచ్చుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోయేది. కాసేపటికి కడిగిన పళ్ళెం తెచ్చి ఇచ్చేది. వెనక సందులో కుక్క ఆ నెలలో ఎందుకు బలిసిందో నాకెలా తెలుస్తుంది?

మా ఇద్దరికీ ప్రయాణానికి కొత్త బట్టలు అదే కుట్టింది. నావి నేను కాస్త సన్నగా కనపడేలా. దానివేమో భుజాలకి మెత్తలు, ఛాతీ మీద కుచ్చులు, నడుము దగ్గర మడతలు. "ఇదేం మోజే ఈ వయసులో?" అంటే, "ఇప్పుడంతా ఇవే అక్కా" అంది. నా కొలతలన్నీ దానికి నోటికొచ్చు. మెడ, చంక, నడుము, ఎప్పుడు ఎంత పెరిగానో అన్నీ చెబుతుంది. దాని కొలత నాకు ఒక్కటీ తెలీదు. దర్జీకి టేపు పట్టేవాళ్ళెవరు? రోజూ చూసే కళ్ళకి తరుగు కనపడదంటారు. ఆ మాట అన్నవాళ్ళ మీద కూడా నాకు కోపంగానే ఉంది.

ఓడలో తిండికి హద్దూ పద్దూ లేదు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పడుకునేదాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉంటారు. నేను కళ్ళతో తిన్నాను. అది సూపు గిన్నె పెట్టుకుని చెంచాతో తిప్పుతూ కూర్చునేది. ఒక గుక్క మింగి, కాసేపు ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ ఒక గుక్క. "ఏమైందే?" అన్నాను. "ఓడ ఊగుతోంది కదక్కా, తిప్పుతోంది" అంది. నిజమే అనుకున్నాను. నాకూ మొదటిరోజు తిప్పింది.

ఆ రేవులో దిగి, బస్సెక్కి, కొండ మీదికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. షెడ్డు ముందు వరస కట్టాం. మా ముందు ఒక పెద్దాయన బూట్లు విప్పేశాడు, వాచీ తీసేశాడు, జేబులోని దువ్వెన కూడా తీసి భార్యకిచ్చాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. గుమ్మడికాయల దొంగంటే అందరూ భుజాలు తడుముకుంటున్నట్టుంది ఆ వరస. నేను చెవులకున్నవి కూడా తీసి సంచిలో వేశాను. పొద్దున కాఫీ కూడా తాగలేదు.

తూచే ఆవిడ నా వయసుదే. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. నిలబడే పలక మీద చాప పరిచారు. అంకెలు కనపడే డబ్బా మాత్రం కౌంటరుకి లోపలి వైపు, ఆవిడకి ఒక్కదానికే కనపడేలా పెట్టారు. ఆవిడ అంకె చదవదు, మొహంలో ఏమీ కనపడనివ్వదు. చూసి, చేతికి ఒక పట్టీ కడుతుంది. పచ్చదైతే వెళ్ళొచ్చు. పసుపుదైతే వెళ్ళొచ్చుగానీ అవతలి గట్టున ఆపేవాళ్ళు ఇద్దరుంటారు. తెల్లదైతే అక్కడ నీడన కుర్చీలున్నాయి, మనవాళ్ళు తిరిగొచ్చేదాకా చల్లగా ఏదైనా తాగుతూ కూర్చోవాలి.

నాకు పసుపు పట్టీ కట్టింది. పదో తరగతి పాసైనరోజు కూడా నేను అంత గట్టిగా అరవలేదు.

"ఎంతున్నానమ్మా? నూట తొమ్మిదా?"

"అంకె చెప్పనండి. ఇక్కడ ఎవరి బరువు వాళ్ళ పరువు" అంది నవ్వుతూ. తర్వాత అందరినీ అడిగినట్టే అడిగింది. "గుండె జబ్బులు, ఆపరేషన్లు, ఇంకేమైనా ఉన్నాయా?"

"ఆకలి తప్ప ఏ జబ్బూ లేదు" అన్నాను. వెనకవాళ్ళు నవ్వారు.

చెల్లెలు పలక మీదికి ఎక్కింది. జాగ్రత్తగా, రెండు కాళ్ళూ నొక్కి పెట్టినట్టు నిలబడింది. ఆవిడ డబ్బా వైపు చూసింది, ఇంకోసారి దాని వైపు చూసింది, మళ్ళీ డబ్బా చూసింది. "జబ్బులేమైనా?" అంది. "ఏమీ లేవండి" అంది ఇది. ఆవిడ పచ్చ పట్టీ కట్టింది. మా చెల్లెలు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

"పచ్చపట్టీకి కూడా ఇంత సంబరమా? నాలాంటిదానికి వస్తే అర్థముంది" అని నేను వీపు మీద ఒకటి చరిచాను. అది తూలి, కౌంటరు పట్టుకుంది.

మెట్లెక్కి చెక్కల వేదిక మీదికి వెళ్ళాం. బెల్టులు కట్టే అతను మంచి పనివాడు, మాట తక్కువ. నాకు కట్టడానికి బెల్టు చివరి రంధ్రం దాకా వెళ్ళాల్సొచ్చింది. తర్వాత దాని దగ్గరికి వెళ్ళాడు. నడుం దగ్గర పట్టా బిగించాడు. ఇంకా వదులుగా ఉందని ఇంకొంచెం లాగాడు. ఇంకా లాగాడు. పర్రుమని చొక్కా అంచు చిరిగింది. చెక్కల మీద టక్కుమని ఏదో పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత వరసగా. బిళ్ళల్లాంటివి దొర్లుకుంటూ పోయి, చెక్కల సందుల్లోంచి లోయలోకి జారిపోయాయి.

అతను నాణేలనుకున్నాడు. "జేబులు ఖాళీ చెయ్యమని కింద చెప్పలేదా అమ్మా?" అన్నాడు. నా చెప్పు దగ్గర ఆగిన బిళ్ళని వంగి తీశాను. నాణెం కాదు. సీసం. కిటికీ పరదాలు గాలికి ఎగరకుండా, మడత నిలిచేలా అది అంచుల్లో పెట్టి కుడుతుందే, ఆ బిళ్ళ. డబ్బాలకి డబ్బాలు దాని మిషను కింద ఉంటాయి.

"ఇదేమిటే?" అన్నాను.

అది చిరిగిన అంచుని రెండు చేతులతో మూసిపట్టుకుంది. అతను మెల్లిగా చొక్కా కింది అంచు వేళ్ళతో తడిమాడు. ప్యాంటు కాలి మడత తడిమాడు. లేచి నిలబడి, ఎవరికీ వినపడకుండా నాతో అన్నాడు.

"అంచులన్నీ ఇవే ఉన్నాయండి. బరువు చాలనివాళ్ళు తాడు మధ్యలోనే ఆగిపోతారు. ఎదురుగాలి కొడితే వెనక్కి వస్తారు. లోయ మీద వేలాడుతుంటే మేం చేతులతో తాడు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి తేవాలి. మళ్ళీ తూయించాలి, ఏమనుకోకండి."

నాకు ఇంకా అర్థం కాలేదు. అంటే, అర్థం చేసుకోవడం ఇష్టం లేదు. వరసలో అందరినీ దాటి కిందికి దిగాం. తూచే ఆవిడ దాన్ని చాటుగా లోపలికి తీసుకెళ్ళి, బట్టలు మార్చుకోమని వాళ్ళ రెయిన్‌కోటు ఒకటి ఇచ్చింది. నన్ను బయట ఉండమంది. నేను ఉంటానా? తెర పక్కకి లాగి లోపలికి వెళ్ళాను.

తూకం పలక మీద లోపలి చొక్కాతో నిలబడి ఉంది. ఆ భుజాలు, ఆ మెడ కింద గుంటలు. రొట్టెలు ఆరబెట్టే జల్లెడకి గుడ్డ కప్పినట్టుంది మనిషి. దాని ఒళ్ళు నేను అలా చూసి ఎన్నేళ్ళయిందో. తూచే ఆవిడ చటుక్కున డబ్బాకి అరచెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే చూసేశాను. ముప్ఫై ఎనిమిది.

ఏడ్చాను. నా ఏడుపు మామూలుగా ఉండదు. మా అమ్మ పోయినప్పుడు నా ఏడుపుకి భయపడి పక్క వీధిలోవాళ్ళు వచ్చారు. అక్కడే నేల మీద కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చాను. షెడ్డు బయట మాటలు ఆగిపోయాయి. మా చెల్లెలు రెయిన్‌కోటు చుట్టుకుని నా పక్కన కూర్చుంది. నా వీపు నిమిరింది. "ఊరుకో అక్కా. ఏం కాలేదు, ఊరుకో. అందరూ చూస్తున్నారు" అంది. తూచే ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నేను గటగటా తాగేశాను. జబ్బు దానిది, ఓదార్పూ మంచినీళ్ళూ నావి. ఆ క్షణాన అది కూడా నాకు తోచలేదు.

షెడ్డు వెనక ఒక సిమెంటు బల్ల ఉంది. బస్సు బయల్దేరేదాకా అక్కడే కూర్చున్నాం. తలల మీదుగా తాడు గీమని మోగేది, ఎవరో కేకలు వేసుకుంటూ అవతలికి పోయేవాళ్ళు. అప్పుడు చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

తిండి దిగే గొట్టంలో గడ్డ ఉందట. మొదట రొట్టె అడ్డం పడింది, తర్వాత అన్నం, ఇప్పుడు పల్చటివి మాత్రమే దిగుతాయి. కోసి తీస్తే బతకొచ్చన్నాడట డాక్టరు. కానీ ఈ ఒంటితో కత్తికి తట్టుకోదు, నలభై మూడు కిలోలైనా ఉంటే ఆపరేషన్ మాట మాట్లాడదామన్నాడట. వెళ్ళినప్పుడల్లా నర్సు తూస్తుంది. వెళ్ళినప్పుడల్లా తగ్గుతుంది.

"అందుకని సీసం కుట్టుకున్నావా?"

"ఇక్కడ రోజుకి వందల మందిని తూస్తారక్కా. వాళ్ళ కళ్ళే వేరు. ఈవిడ కళ్ళు దాటితే, ఆసుపత్రిలో నర్సుని దాటడం ఎంతసేపు అనుకున్నా. ఇక్కడికి నలభై చాలు. అక్కడికి ఇంకో మూడు కిలోలు ఎక్కువ కుట్టాను, ఆ జత ఓడలో పెట్టెలో ఉంది. బట్ట వేలాడకుండా కుదురుతుందో లేదో చూసుకోవాలి కదా."

అంత శ్రద్ధగా చెప్పింది, ఎవరికో పెళ్ళిబట్టలు కుడుతున్నట్టు. నేను లేచి నిలబడ్డాను.

"బుద్ధుందా నీకు? నేను పిండి తూచి ఉప్పేస్తాను. తూకం అబద్ధమైతే ఆ రోజు రొట్టె కుక్కలకే. నీకు మత్తు ఎంతివ్వాలో తూకాన్ని బట్టే కదే చూస్తారు! సీసానికి కూడా కలిపి మత్తిస్తే లేస్తావా నువ్వు?"

"లేవకపోతే లేవను. తూకం దగ్గరే ఆగిపోతే మాత్రం ఎలాగూ లేవను కదక్కా."

నేను మళ్ళీ బల్ల మీద కూలబడ్డాను. అడక్కూడనిదే అడిగాను. "అయితే నన్ను ఇక్కడికి తెచ్చింది ఆ యంత్రం కోసమా? నాతో రావాలని కాదా?"

"రెండూనక్కా" అంది. "నీతో పాటు ఆ తాడు మీద జారాలని నిజంగానే ఉండింది."

బస్సులో నేను ఇంకోసారి ఏడ్చాను. అది కిటికీ పక్క సీటు నాకిచ్చి, తన చేతిరుమాలు ఇచ్చి, ముందు సీటువాళ్ళకి "ఏం లేదండీ, ఎండకి తల నొప్పి" అని చెప్పింది.

ఓడకి చేరగానే నేను పెట్టె తెరిచాను. ఆసుపత్రికని కుట్టిన జత అడుగున ఉంది. బూడిదరంగు చొక్కా, ప్యాంటు. పైకెత్తితే చేతులు కిందికి లాగాయి. చూపుకి మాత్రం ఏమీ లేదు, అంత తీరుగా కుట్టింది. కత్తెర తీసుకుని అంచు పొడవబోయాను.

"గుడ్డ పాడు చెయ్యకక్కా, ఇలా ఇవ్వు" అని లాక్కుంది. కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసి, మంచం మీద కూర్చుని, ఒక్కొక్క కుట్టే తెంపింది. నేను బిళ్ళలు అందుకుని టీ సాసర్లో వేశాను. సాసరు నిండింది, ఇంకో సాసరు తెచ్చాను. చివరి బిళ్ళ తీశాక అది ఖాళీ చొక్కాని మోకాళ్ళ మీద పరిచి, మడత పెట్టి, "ఇప్పుడేం చేద్దామక్కా? సీసం లేకుండా వెళ్తే వెనక్కి పంపేస్తారు" అంది. మొదటిసారి దాని గొంతులో భయం విన్నాను.

"ఆ డాక్టరు నంబరివ్వు" అన్నాను.

ఫోను తీసి నంబరు చూపించింది. అది వింటుండగా మాట్లాడటం నాకు చేతకాదు. బయటికి వెళ్ళి, పై అంతస్తులో రెయిలింగు పక్కన నిలబడి చేశాను. వెనకాల కొలనులో పిల్లలు గోల చేస్తున్నారు. చాలాసేపటికి డాక్టరు లైనులోకి వచ్చాడు. ఎవరి అక్కనో చెప్పాను. సీసం సంగతి కూడా దాచకుండా చెప్పాను, తిడతాడని తెలిసే చెప్పాను. ఆయన తిట్టలేదు.

"ఆవిడకి అక్క ఉందా?" అన్నాడు.

"ఉండటమేంటండీ? గోడకి ఇవతలే ఉంటాను."

"అమ్మా, ఇంట్లో తిని బరువు పెరిగే స్థితి కాదు ఆవిడది. ఆ మాట మొదట్లోనే చెప్పాను. ఆసుపత్రిలో చేరితే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, కడుపులోకి నేరుగా ఆహారం పంపిస్తాం. కొన్ని వారాల్లో కాస్త బలం వస్తుంది, అప్పుడు ఆపరేషన్. కాకపోతే పగలూ రాత్రీ పక్కన ఒక మనిషి ఉండాలి. ఎవరైనా ఉన్నారా అని ప్రతిసారీ అడిగాను. ఎవరూ లేరంది. ఇంట్లోనే ప్రయత్నిస్తానంది."

కొలనులో ఎవరో దూకారు. నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. ఇంకా వేళ మించిపోలేదా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే అన్నాడు. "ఎంత తొందరగా తేగలరో అంత తొందరగా తీసుకురండి. నేను మాటివ్వలేను. కానీ తీసుకురండి." రేపు ఓడ ఆగే ఊళ్ళో విమానాలున్నాయి, అక్కడే దిగిపోతామని చెప్పాను.

ఫోను పెట్టేశాక కదల్లేకపోయాను. ఎవరూ లేరంది. నేను ఇంత మనిషిని. వీధి చివరినుంచి చూస్తే కనపడతాను. అరిచానంటే నాలుగు ఇళ్ళకి వినపడతాను. నన్ను ఎలా లేకుండా చేసిందది? కోపం వచ్చింది, కడిగెయ్యాలనుకున్నాను. ఏం కష్టపెట్టానే నిన్ను, ఏ రోజు నీకు పెట్టకుండా తిన్నాను, అని అడగాలనుకుంటూ మెట్లు దిగాను.

గదిలో అది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. తలుపు చప్పుడుకి కళ్ళు తెరిచింది.

"ఏమన్నాడక్కా?"

"రమ్మన్నాడు. గొట్టం వేసి తిండి పెడతారట. నీకు ముందే తెలుసట కదా."

అది దుప్పటి మీదికి లాక్కుంది.

"పక్కన ఉండటానికి ఎవరూ లేరని చెప్పావట. నేను చచ్చాననుకున్నావా?"

అది నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, జాలిగా కూడా కాదు. పొద్దుపోయేదాకా మిషను తొక్కి, ఇంక కాళ్ళు ఆడనప్పుడు చూస్తుందే, అలా.

"నీకు చెబితే ఏడుస్తావక్కా" అంది. "అమ్మ జబ్బులో అమ్మనీ చూసుకున్నాను, నిన్నూ ఓదార్చాను. బావ పోయినప్పుడూ నిన్ను పట్టుకునే కూర్చున్నాను. అది నాకేం కష్టం కాలేదు. కానీ ఇప్పుడు నా జబ్బుకి కూడా నేనే నిన్ను ఓదార్చాలంటే, నిజంగా ఆ ఓపిక లేదే అక్కా."

ఇంతే అంది. కళ్ళు మూసుకుంది.

నేను దాని మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఏడుపు ముంచుకొస్తోంది. దాని చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చి ఉంది. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుని, దుప్పటి కొస నోట్లో కుక్కుకుని, పళ్ళు బిగించి కూర్చున్నాను. ఏడవలేదు. ఏడిస్తే అది లేచి కూర్చుంటుంది.